సగటుకు కాస్త కిందగా

ఫిబ్రవరి 3, సోమవారం

యూనివర్సిటీ వాళ్లు ఒక సలహాల పుస్తకం పంపారు. ‘ఆన్‌లైన్ చదువులో విజయం సాధించడం ఎలా?’ అని దాని పేరు. పుస్తకమంటే అచ్చుపుస్తకం కాదు, ఫోనులో తెరుచుకునే కొన్ని పేజీలు. రోజూ నాలుగు ముక్కలు డైరీ రాసుకుంటే మనసు చదువు మీద నిలుస్తుందట. అందుకే ఈ రాత. ముందుగా ‘మీరు ఎందుకు చదువుతున్నారో రాసుకోండి’ అన్నారు.

రాస్తున్నాను. పెళ్లయిన కొత్తలో కళ్లద్దాల షాపు కౌంటరు వెనక నిలబడ్డదాన్ని ఇంకా అక్కడే నిలబడి ఉన్నాను. యజమాని ఊళ్లో ఇంకో షాపు తెరుస్తున్నాడు. “డిగ్రీ చేతిలో ఉంటే ఆ షాపు నీకే అప్పజెబుతానమ్మా” అన్నాడు. ఎప్పుడో మధ్యలో వదిలేసిన డిగ్రీని ముప్ఫయ్యెనిమిదో ఏట మళ్లీ పట్టుకున్నాను. ఇప్పటిదాకా రాసినవన్నీ గట్టెక్కాయి, స్టాటిస్టిక్స్ తప్ప. కిందటిసారి తప్పాను. ఈసారి కూడా తప్పితే కోర్సులోంచి పేరు తీసేస్తారు.

రెండో సలహా: చదువుకోవడానికి ఇంట్లో ఒక స్థిరమైన చోటు చూసుకోండి. ఉన్నవి రెండు గదులు. ఒకదాంట్లో మా ఆయనా టీవీ, రెండోదాంట్లో అత్తయ్యా రేడియో. వంటింట్లో కూర్చుంటే చేతికి ఏదో ఒక గిన్నె తగులుతుంది, తోమాలనిపిస్తుంది. చివరికి బాల్కనీ ఖాయం చేశాను. మడతకుర్చీ, బోర్లించిన బకెట్టు మీద లాప్‌టాప్, వెనక ఆరేసిన దుప్పటి. కుర్చీ ఎటు తిప్పితే మొహం మీద వెలుతురు బాగా పడుతుందో తేల్చుకునేసరికి సాయంత్రమైంది.

చదువు రేపటినుంచి.

ఫిబ్రవరి 4, మంగళవారం

రికార్డు చేసిన పాఠాన్ని రెట్టింపు వేగంతో విన్నాను, టైము కలిసొస్తుందని. మేడమ్ గొంతు పిచికలా ఉంది. అర్థం కాకపోవడం కూడా రెట్టింపు వేగంతోనే జరిగింది.

ఫిబ్రవరి 6, గురువారం

సాయంత్రం క్లాసులో ముగ్గురేసి చొప్పున జట్లు వేశారు. ప్రతి జట్టూ ఏదో ఒక విషయం మీద అంకెలు సేకరించి, లెక్కగట్టి, క్లాసు ముందు చెప్పాలి. మార్కుల్లో పెద్ద వాటా దానిదే.

మా జట్టులో ఒక తొందరపిల్ల ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో, వాక్యం సగంలోనే వదిలేసి తరువాతి వాక్యం ఎక్కేస్తుంది. ఆ ముక్కల్లో ఒకటి మాత్రం స్పష్టంగా వినిపించింది, “ఓకే ఆంటీ” అన్నది. ఆంటీ! అత్తయ్య పక్కనే ఉల్లిపాయలు ఒలుస్తూ నవ్వింది.

మూడో ఆయన కెమెరాలో కనిపించేది సీలింగు ఫ్యాన్ ఒక్కటే. మనిషి కనబడడు. “కెమెరా కాస్త కిందికి దించుతారా అండీ?” అన్నాను. “ఇక్కడ ఇంతే కనిపిస్తుందండీ” అన్నాడు, నూతిలోంచి మాట్లాడుతున్నట్టు. ఆయనకి ఫ్యాన్‌గారు అని పేరు పెట్టుకున్నాను.

విషయం నేనే చెప్పాను: మనుషులకి చత్వారం ఏ వయసులో వస్తుంది, చదువుకునే అద్దాలు మొదటిసారి ఎప్పుడు పెట్టుకుంటారు. మా షాపుకి వచ్చేవాళ్లని అడిగి వయసులు నేను సేకరిస్తాను. వాటితో పట్టికలు ఫ్యాన్‌గారు వేస్తాడు. స్లైడ్లు తొందరపిల్ల చేస్తుంది. లీడరు ఎవరని మేడమ్ అడిగితే మిగతా ఇద్దరూ మాట్లాడలేదు. నేను ఒప్పుకోవాల్సి వచ్చింది. (వెంటనే ఒప్పుకున్నాను.)

ఫిబ్రవరి 10, సోమవారం

ఫోనులో మా ముగ్గురికీ ఒక గ్రూపు తెరిచి ‘విజయపథం’ అని పేరు పెట్టాను. నాలుగు రంగుల పెన్నులు కొన్నాను. టైంటేబుల్ గీశాను. నీలం అంటే చదవాల్సింది, ఆకుపచ్చ అంటే చదివేసింది. మొత్తం నీలంగా ఉంది.

అత్తయ్య తొంగి చూసింది. “చదువుకుంటున్నావా, గోడకి రంగులేస్తున్నావా?”

“ప్రణాళిక అత్తయ్యా. ప్రణాళిక లేకపోతే చదువు సాగదు.”

“మరి సాగుతోందా?”

పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకూడదు.

ఫిబ్రవరి 13, గురువారం

ఫ్యాన్‌గారికి పొద్దున మెసేజ్ పెడితే మధ్యాహ్నానికి ఒక్క అక్షరం జవాబు: ‘స’. సరే అని కాబోలు. మనిషికి అంత బద్ధకమైతే ఎలా? రెండు అక్షరాలు కొట్టలేడా? నేను ఆయనకి బృందస్ఫూర్తి గురించి పెద్ద మెసేజ్ పంపాను. తొందరపిల్ల దానికి బొటనవేలి బొమ్మ పెట్టింది, చదివి ఉండదు.

వయసుల సేకరణ మొదలుపెట్టాలి. వచ్చే వారం నిదానంగా చేస్తాను. లీడరుకి వేరే పనులుంటాయి.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఇది ఎవరితోనూ చెప్పలేను కనక ఇక్కడ రాస్తున్నాను.

క్లాసు జరుగుతుండగా అత్తయ్య బాల్కనీలోకి వచ్చి, “ఏం చెబుతోందే ఆవిడ?” అంది.

“ఏమో అత్తయ్యా, ఆవిడ చెప్పేది ఆవిడకైనా అర్థమవుతోందో లేదో!”

లాప్‌టాప్‌లోంచి మేడమ్ గొంతు వచ్చింది. “నాకు అర్థమవుతోందండీ. మీ మైకు ఆన్‌లో ఉంది.”

నేను మైకు ఆపబోయి కెమెరా ఆన్ చేశాను. వెనక దుప్పటి, పక్కన అత్తయ్య, ఆవిడ చేతిలో చీపురు, నోరు తెరిచిన నేను. అదే సమయంలో ఫ్యాన్‌గారి పెట్టెలో ఫ్యాన్ పైకీ కిందికీ ఊగింది. ఫ్యాన్ తిరగాలి గానీ ఊగడమేమిటో. నన్ను చూసి ఆయన నవ్వుతున్నాడని మాత్రం అర్థమైంది.

ఫిబ్రవరి 19, బుధవారం

చదవలేదు. అవమానంలో ఉన్నాను.

ఫిబ్రవరి 22, శనివారం

ఇవాళ్టికి పట్టికలు రావాలి. టైంటేబుల్లో ఎర్రగా రాసి ఉంది. ఫ్యాన్‌గారి నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఓపిక పట్టాను. ఇక పట్టలేక మేడమ్‌కి ఫిర్యాదు రాశాను. బాగా కుదిరింది, ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను: ‘మా జట్టులోని ఒక సభ్యుడు బాధ్యతారహితంగా ప్రవర్తిస్తున్నారు. పట్టికలు ఇంతవరకూ ఇవ్వలేదు. మెసేజ్‌లకు సరిగా జవాబివ్వరు. క్లాసు కూడా మంచం మీద పడుకుని వింటున్నారని నా అనుమానం. వారిని జట్టు నుంచి తొలగించవలసిందిగా కోరుతున్నాను.’

‘కోరుతున్నాను’ దగ్గర కాసేపు ఆగి ‘ప్రార్థిస్తున్నాను’ అని మార్చాను. వినయం ఉండాలి.

మనసు తేలికపడింది. చాలా రోజుల తరువాత హాయిగా టీ తాగాను.

ఫిబ్రవరి 24, సోమవారం

షాపులో ఉండగా మేడమ్ ఫోను చేసింది. నేనొక కస్టమరు ముక్కు మీద ఫ్రేము సరిచేస్తున్నాను.

“మీ అనుమానం నిజమేనండీ” అంది. “ఆయన పడుకునే వింటారు.”

నాకు లోపల ఒక విజయం లాంటిది కదిలింది. ఆ కదలికను తలుచుకుంటే ఇప్పుడు చెంపలు వాయించుకోవాలనిపిస్తోంది.

“ఆయన లిఫ్టు మెకానిక్. పనిలో ఉండగా లిఫ్టు గొయ్యిలో పడిపోయారు. వెన్నుపూస దెబ్బతింది. నెలల తరబడి వెల్లకిలా మంచం మీదే ఉన్నారు. కుడిచెయ్యి సరిగా లేవదు. ఫోను గుండెల మీద పెట్టుకుని పాఠం వింటారు. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దన్నారు. కానీ ఫిర్యాదు వస్తే ఆ మనిషికి చూపించాలని మాకు రూలు. చూపించాను. చూశాక మీకు చెప్పెయ్యమన్నారు.”

“ఆయన చదివారా అండీ, నేను రాసింది?”

“చదివారు. తెలుగు బాగా రాశారన్నారు.”

కస్టమరు అద్దంలో చూసుకుని “ఫ్రేము వంకరగా ఉందమ్మా” అన్నాడు. వంకరగానే ఉంది.

ఫిబ్రవరి 25, మంగళవారం

మంచం మీద వెల్లకిలా పడుకుని, ఫోను మొహానికి పైన పట్టుకుని, ఎడమచేతి బొటనవేలితో ‘సరేనండీ, అలాగే చేస్తాను’ అని కొట్టి చూశాను. ‘సరేనం’ దగ్గర చెయ్యి లాగింది. ‘అలా’ దగ్గర ఫోను జారి ముక్కు మీద పడింది. ముక్కు వాచింది.

మా ఆయన చూసి, “ఏమైంది?” అన్నాడు.

“ప్రాక్టికల్స్” అన్నాను.

తరువాత ఏడుపొచ్చింది. జరిగిందంతా చెప్పాను. వ్యాను తోలే మనిషి, రోజంతా ట్రాఫిక్‌లో ఎవరో ఒకరితో తగువు పడి సర్దుకునేవాడు. “ఇంకేముంది, ఫోను చేసి తప్పయిపోయిందను” అన్నాడు. అంత సులువుగా చెప్పేశాడని ఆయన మీద కోపం వచ్చింది. రేపు చేస్తాను.

ఫిబ్రవరి 26, బుధవారం

రేపు చేస్తాను.

ఫిబ్రవరి 27, గురువారం

చేశాను. ఆయన భార్య ఎత్తింది. నేనెవరో చెప్పగానే “ఓ, లీడరుగారా! ఉండండి వదినా, ఆయన చెవి దగ్గర పెడతాను” అంది. వదినా అని పిలిస్తే నాకు ఇంకా సిగ్గేసింది.

నేను ముందే తయారుచేసుకున్న క్షమాపణ మొదలుపెట్టాను. సగంలో ఆయనే ఆపేశాడు.

“పోనిద్దురూ. పడుకుని వింటున్నాననే కదా రాశారు. అబద్ధం రాయలేదుగా.”

“నాకు తెలియదు అన్నయ్యగారూ. బద్ధకం అనుకున్నాను.”

“చెప్పకపోవడం నా తప్పు. చెబితే జాలిపడతారు. ఆ జాలి వినీ వినీ విసుగొచ్చిందమ్మా. పోనీ తిట్లన్నా తిందాం, మార్పుగా ఉంటుందని ఊరుకున్నా.” కొంచెం ఊపిరి తీసుకున్నాడు. “మా ఇంట్లో ఏ పనీ లేకుండా తిరిగేది ఒకప్పుడు నేనొక్కణ్ణే. ఇప్పుడు ఆ ఉద్యోగం ఫ్యాన్‌కి ఇచ్చాం.”

నవ్వాను. నవ్వవచ్చో లేదో తెలియకముందే నవ్వొచ్చేసింది.

“లీడరుగారూ, ఒక్క మాట. పట్టికలు వేద్దామనే ఉంది. మీరు సేకరిస్తానన్న వయసులు ఇంకా పంపలేదు కదా. వేటితో వెయ్యమంటారు?”

నేను టైంటేబుల్ వైపు చూశాను.

పంపలేదు. ఒక్క వయసు కూడా సేకరించలేదు. రంగులు వేశాను, గ్రూపుకి పేరు పెట్టాను, బృందస్ఫూర్తి మీద ఉపన్యాసం ఇచ్చాను, ఫిర్యాదులో వినయం సరిచూసుకున్నాను. ఆ మనిషి నేను ఇవ్వని అంకెల కోసం ఎదురుచూస్తూ పడుకున్నాడు. ఆయన్ని తీసెయ్యమని నేను ప్రార్థించాను.

“బిజీగా ఉన్నారనుకున్నా” అన్నాడు, నా తరఫున కూడా ఆయనే జవాబు చెబుతూ.

మార్చి 1, శనివారం

మేడమ్‌కి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని రాశాను. ఆలస్యం నాదేనని కూడా రాశాను. ఈసారి ‘ప్రార్థిస్తున్నాను’ ఎక్కడా వాడలేదు.

షాపులో పొద్దున్నించీ అందర్నీ అడుగుతున్నాను. చత్వారం అనగానే మనుషులు మహా గమ్మత్తుగా మారిపోతారు. ఒకావిడ మెనూకార్డుని చేయి చాపినంత దూరం పెట్టి చదువుతుందట. “చత్వారం మీకు ఎప్పుడొచ్చిందండీ?” అంటే, “నాకెందుకొస్తుంది? ఈ మధ్య అక్షరాలే చిన్నగా అచ్చేస్తున్నారు” అంది. ఆవిడ వయసు అడిగే ధైర్యం చెయ్యలేదు. ఒకాయన చెప్పిన వయసుకి ఆయన భార్య పక్కనుంచి ఇంకొంత కలిపింది. ఇద్దరూ అద్దాలు కొనకుండా దెబ్బలాడుకుంటూ వెళ్లిపోయారు. యజమాని నా వైపు అదోలా చూశాడు.

అంకెలు పంపాను. అన్నయ్యగారి జవాబు: ‘స’. ఎంత నిండుగా ఉంది ఆ ఒక్క అక్షరం!

మార్చి 5, బుధవారం

పొద్దున షాపుకి వెళ్లేముందు అన్నయ్యగారూ నేనూ ఫోనులో కలిసి చదువుతున్నాం. ఆయన నాకు నేర్పుతాడనుకున్నాను. నేను ఆయనకు నేర్పుతానని ఆయన అనుకున్నాడు. మొదటి రోజే ఇద్దరికీ నిజం తెలిసింది.

కానీ ఒక తేడా ఉంది. ఆయన “ఇది నాకు రాలేదండీ” అంటాడు. ఏ మొహమాటమూ ఉండదు. నేను “ఊఁ, ఊఁ” అంటూ పోతాను.

షాపులో గోడ మీద అక్షరాల బోర్డు ఉంటుంది. ఆఖరి వరుస కనిపిస్తోందా అంటే చాలామంది “ఆఁ, బ్రహ్మాండంగా” అంటారు. చదవమంటే గొంతు సవరించుకుంటారు. వాళ్లని చూసి ఇన్నేళ్లూ లోపల్లోపల నవ్వుకున్నాను. మేడమ్ “అర్థమైందా?” అంటే నేను చేసేదీ అదేనని ఇవాళ బోర్డు తుడుస్తుంటే తట్టింది.

మార్చి 6, గురువారం

క్లాసులో మైకు ఆన్ చేశాను. కావాలనే. “మేడమ్, స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఏమిటో నాకు అసలు అర్థం కాలేదు. కిందటిసారీ అర్థం కాలేదు.”

నా నెత్తిన ఇల్లు కూలినా బాగుండుననిపించింది. అంతలో పక్కన మెసేజ్‌ల పెట్టెలో ఒకరు ‘నాకూ’ అని రాశారు. ఇంకొకరు ‘నాకూ’. ‘నాకు కూడా మేడమ్’. వరసగా పైకి పోతూనే ఉన్నాయి. వాళ్లలో తొందరపిల్ల కూడా ఉంది.

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. “ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదమ్మా మీరంతా?” అని మొదట్నించీ మొదలుపెట్టింది. సగం అర్థమైంది. నాకు సగమంటే ఎక్కువే.

మార్చి 11, మంగళవారం

మా జట్టు వంతు అయిపోయింది.

తొందరపిల్ల స్లైడ్లు చక్కగా ఉన్నాయి. నేను చెప్పాల్సింది చెప్పాను. మధ్యలో అత్తయ్య వెనకనుంచి దుప్పటి తీసుకెళ్లిపోయింది, ఎదురింటివాళ్ల కిటికీ మొత్తం క్లాసుకి కనిపించింది. తరువాత అన్నయ్యగారి వంతు. ఫ్యాన్ ఒక్కసారి పక్కకి వాలి, గోడ కనిపించి, ఆ తరువాత ఒక మొహం వచ్చింది. వదినగారు ఫోను పైన పట్టుకుని నిలబడింది కాబోలు. మాసిన గడ్డం, గుబురు కనుబొమలు, దిండుకి అంటుకున్న జుట్టు. నేను అనుకున్నదానికంటే చిన్నవాడు.

“అందరికీ నమస్కారం. పడుకుని మాట్లాడుతున్నందుకు ఏమీ అనుకోకండి, మా లీడరుగారి పర్మిషన్ ఉంది” అన్నాడు.

క్లాసు నవ్వింది. నేనూ నవ్వాను. కళ్లు తడిశాయి, ఎండ మొహం మీద పడింది కదా.

పట్టికలో ఒక కూడిక తప్పు. మేడమ్ పట్టుకుంది. ఆ కూడిక చూడాల్సింది నేను.

మార్చి 17, సోమవారం

అన్నయ్యగారికి ఆపరేషన్ తేదీ ఖాయమైంది. పరీక్ష వారంలోనే. వాయిదా వేస్తే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో తెలియదన్నారట.

“పరీక్ష వచ్చేసారి రాసుకుంటాలెండి. ముందు లేచి కూర్చోవాలి కదా” అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. తరువాత, “కాళ్లు తిరిగి వస్తాయో రావో డాక్టరు గట్టిగా చెప్పడం లేదమ్మా” అన్నాడు.

ఇలాంటప్పుడు ఏం చెప్పాలో సలహాల పుస్తకంలో లేదు. “నాకు భయంగా ఉంది అన్నయ్యగారూ” అన్నాను. ధైర్యం చెప్పాల్సినదాన్ని!

“నాకూ” అన్నాడు.

మార్చి 19, బుధవారం

ఇవాళ ఆపరేషన్. పొద్దున మామూలు టైముకే బాల్కనీలో కూర్చున్నాను. అవతల ఎవరూ లేరు. లెక్కలు చేశాను. అత్తయ్య వచ్చి, ఏమీ అనకుండా టీ పెట్టి, రేడియో ఆపేసి వెళ్లింది.

కబురు లేదు.

మార్చి 21, శుక్రవారం

పరీక్ష రాశాను. ఎలా రాశానో తెలియదు. తెలియని ప్రశ్నకి కథ అల్లకుండా వదిలేశాను, నాకిది కొత్త.

కబురు లేదు. ఫోను చెయ్యాలంటే భయం.

మార్చి 23, ఆదివారం

వదినగారు ఫోను చేసింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఎడమకాలి వేళ్లు కదుపుతున్నాడు. కుడికాలు సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారట. ఇంకా చాలాకాలం పడకే.

“మొదట ఏమడిగారో తెలుసా వదినా? లీడరుగారు పరీక్ష రాశారా అని.”

అత్తయ్య నా చేతిలోంచి ఫోను తీసుకుని, ముక్కూ మొహం తెలియని ఆ ఇల్లాలితో అరగంట మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు.

ఏప్రిల్ 3, గురువారం

ఫలితాలు వచ్చాయి. పాసయ్యాను. క్లాసు సగటు కంటే కాస్త కింద. దాన్ని ఎలా కొలవాలో నాకిప్పుడు వచ్చు కనక, ఎంత కిందో లెక్కగట్టుకుని మరీ సంతోషించాను.

తొందరపిల్ల ‘కంగ్రాట్స్ ఆంటీ’ అంది. ఇవాళ ఆంటీ అంత చేదుగా లేదు. యజమానికి చెబితే “మంచిదమ్మా, మిగతావీ కానివ్వు” అన్నాడు. మా ఆయన వ్యాను హారను రెండుసార్లు కొట్టాడు, వీధివాళ్లు తిట్టారు.

అన్నయ్యగారికి నేనే ఫోను చేసి చెప్పాను. “నాకు తెలుసమ్మా” అన్నాడు. తరువాత, “వచ్చేసారి నా వంతు. మొదట్నించీ మీరే చెప్పాలి” అన్నాడు. చెబుతానన్నాను. పాసైనవాళ్లకి గొంతు ఎలా మారుతుందో నా గొంతులో నాకే వినిపించింది.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇవాళ మొదటి పాఠం. నిన్నంతా తయారయ్యాను. వదినగారు ఫోను ఆయన దిండు పక్కన పెట్టింది. నాకు కిటికీ తెర మాత్రం కనిపిస్తోంది.

మొదలుపెట్టాను. సగటంటే ఇంటి గుమ్మం అనుకోండి అన్నయ్యగారూ అన్నాను. ఇంటికొచ్చిన చుట్టాల్లో కొందరు గుమ్మంలోనే నిలబడతారు, కొందరు మెట్ల మీద, ఒకరిద్దరు అలిగి వీధి చివరికి పోతారు. అందరూ కలిసి గుమ్మానికి ఎంతెంత దూరంలో చెదిరి ఉన్నారో చెప్పేదే డీవియేషన్. ఎంత బాగా వచ్చింది ఆ మాట! ఎక్కడా చదవలేదు, అప్పటికప్పుడు పుట్టింది. చెబుతుంటే నాకే కొత్తగా అర్థమవుతోంది. అలిగిన చుట్టాలకి పేర్లు పెట్టాను. వాళ్లని ఒక్కొక్కరినే వెనక్కి తీసుకొచ్చాను. వర్గం ఎందుకు చెయ్యాలో, వర్గమూలం ఎందుకు తియ్యాలో చెప్పాను. మధ్యలో “అర్థమవుతోందా?” అంటే ఆయన మాట్లాడలేదు. శ్రద్ధగా వింటున్నాడనుకున్నాను. ఇంత నిశ్శబ్దంగా నన్ను ఎవరూ ఎప్పుడూ వినలేదు. అత్తయ్య కూడా గుమ్మం దగ్గర ఆగిపోయి వింటోంది. గొంతు బొంగురుపోయేదాకా చెప్పి, “ఇప్పుడు మీరొకసారి చెప్పండి చూద్దాం” అన్నాను.

కిటికీ తెర కదిలింది. వదినగారి మొహం కనిపించింది. నోటి మీద వేలు పెట్టుకుని ఉంది.

“నిద్రపోయారు వదినా” అంది గుసగుసగా. “ఎప్పుడో, చుట్టాలు గుమ్మంలో ఉండగానే.”

వెనకనుంచి అత్తయ్య కిసుక్కుమంది.

“ఏమీ అనుకోకు వదినా. ఆపరేషన్ అయిందగ్గర్నించీ నొప్పితో కన్ను మూసింది లేదు. మాత్రలకీ నిద్ర పట్టలేదు. ఇదే మొదటిసారి.” ఆయన వైపు ఒకసారి చూసి, మళ్లీ నా వైపు తిరిగింది. “రేపు కూడా చెబుతావా?”

చెబుతానన్నాను. రేపటి పాఠం ఇంకా కష్టమైనది చూసి పెట్టుకున్నాను.